మూడు చుట్ల దారం

ఉల్లిపాయల వ్యాపారి తన కాటాను రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద దించాడు. చుట్టూ ఎవరూ లేకపోయినా అలవాటు కొద్దీ గొంతు తగ్గించాడు.

"మేస్త్రీ, ఎలాగూ విప్పుతున్నావు గదా. ఒక్క పది గ్రాములు మన వైపు మొగ్గేట్టు చూడు."

"మన అంటే ఎవరోయ్? మీ కొట్లో ఉల్లిపాయలు కొనేది మా ఆవిడ. మన వైపంటే మా సంచి వైపే," అన్నాడు కాటాల మేస్త్రి తల ఎత్తకుండానే.

వ్యాపారి నవ్వేసి స్టూలు మీద కూలబడ్డాడు. పదకొండేళ్ళుగా అతను అడుగుతూనే ఉన్నాడు, మేస్త్రి కాదంటూనే ఉన్నాడు. ఇప్పుడు హఠాత్తుగా సరేనంటే భయపడేది అతనే.

మేస్త్రి పళ్ళేలు రెండూ విప్పి పక్కన పెట్టాడు. సందుల్లో ఇరుక్కున్న ఉల్లిపొట్టునీ మట్టినీ కుంచెతో దులిపాడు. పళ్ళేలు వేలాడే దండె చివరనుండే చిన్న నట్టును వేలితో అలా తాకాడో లేదో గిర్రున తిరిగింది. అదీ రోగం. నట్టు ఎక్కే మర అరిగిపోయింది. సరుకు దబ్బున పడేసినప్పుడల్లా నట్టు వెంట్రుకవాసి జారుతోంది, ముల్లు సున్నా దగ్గర నిలబడటం లేదు. ఇలాంటిదానికి ఊళ్ళో మిగతావాళ్ళు కాస్త జిగురు పోస్తారు, లేదా సుత్తితో ఒక్కటిచ్చి పంపేస్తారు. మేస్త్రి సొరుగులోంచి మైనం ముద్ద తీసి, దారాన్ని దాని మీదుగా రెండుసార్లు లాగి, అరిగిన గాడిలో సరిగ్గా మూడు చుట్లు చుట్టాడు. ముడి ఎడమ పక్కకి వేశాడు. దాని మీద నట్టు ఎక్కించి తిప్పితే, మూలుగుతూ వెళ్ళి కూర్చుంది. ఈ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఒకరోజు కొత్త నట్టు దొరక్క చేసిన అతుకు, అదే నమ్మకమైన వైద్యమై కూర్చుంది.

"ముందు కాటాని చూడు, తర్వాత సరుకుని చూడు," అని గొణుక్కుంటూ రాళ్ళను కుడి ఎడమలు మార్చి మార్చి పెట్టి చూశాడు. అది ఆయన ఊతపదం. నిద్రలో లేపి అడిగినా అదే అంటాడని ఇంట్లోవాళ్ళు ఎగతాళి చేస్తారు.

అప్పుడే అమ్మడు స్కూలు నుంచి వచ్చింది. ఇంటిల్లిపాదికీ ఉన్నది ఒక్కతే కూతురు, అమ్మడు తప్ప వేరే పేరుతో పిలిచి ఎరగరు. మామూలుగా అయితే బల్ల మీదికి వంగి "ఎంత జారింది నాన్నా?" అని అడుగుతుంది. ఇవాళ భుజాన సంచి కూడా దించకుండా నిలబడింది.

"రిజల్టు వచ్చిందంటగా. ఏమ్మా, దుమ్ము దులిపేశావా?" అన్నాడు వ్యాపారి.

"దుమ్ము దులిపే పని నాన్నది బాబాయ్," అని నవ్వబోయింది గానీ, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. కవరు తండ్రి ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మేస్త్రి చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు కవరు విప్పాడు. లెక్కలు ఏ. భాష ఏ. కెమిస్ట్రీ బి. ఫిజిక్స్ సి, అరవై రెండు మార్కులు. ఆ సి పక్కన టీచరు చిన్న అక్షరాలతో రాసిన వాక్యం ఒకటి ఉంది: "పరికరాల వాడకంలో అలవాటు తక్కువ."

ఆయన ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. సి కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది. పాలపళ్ళు ఊడకముందే తూకపు రాళ్ళతో అచ్చనగాయలు ఆడిన పిల్లకి పరికరాల అలవాటు తక్కువట.

కొట్టు వెనకే ఇల్లు, ఉన్నది రెండు గదులు. తల్లి కిటికీ దగ్గర కూర్చుని అమ్మడి నీలం యూనిఫారం అంచు కుడుతోంది. ఆవిడ దర్జీ షాపులో బొత్తాలు కుట్టే పని చేస్తుంది. ఇంటికొచ్చాకా సూది చేతిలోంచి దిగదు.

"పరీక్షల నాటి నుంచీ అడుగుతున్నాను, ఈ అంచు జానెడు మేర ఎలా ఊడిందే అని. చెప్పదు. కుక్క పీకిందా, నక్క పీకిందా?" అంది మొగుణ్ణి చూసి.

"మార్కులు చూశావా?"

"చూశాను. ఒక్క సికి ఇల్లు కూలినట్టు మొహాలు పెట్టుకోకండి తండ్రీ కూతుళ్ళు."

"కూలేది ఇల్లు కాదమ్మా, సీటు," అంది అమ్మడు గోడకి ఆనుకుని. "సీట్ల సంగతి చూసే టీచర్ని అడిగాను. ఆ కాలేజీ మొదటి జాబితాలో సి ఉన్న ఫారం ఒక్కటి కూడా పెట్టరట. బి ఉంటే చాలట. మొదటి జాబితా తర్వాత మిగిలేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని సీట్లట."

ఆ కాలేజీ ఏదో ఇంట్లో మళ్ళీ చెప్పుకోనక్కర్లేదు. కొలిచే పరికరాలు తయారుచేయడం నేర్పే కోర్సు, బస్సులో వెళ్ళి వచ్చేంత దూరంలో అదొక్క చోటే ఉంది. రెండేళ్ళుగా అమ్మడి మంచం పక్క గోడ మీద ఆ కాలేజీ కాగితం అంటించి ఉంది. ఫారం ఇవ్వడానికి శుక్రవారం ఆఖరు. ఇవాళ సోమవారం.

"బి రావాలంటే ఎంత కావాలి?" అన్నాడు మేస్త్రి.

"అరవై అయిదు."

"మూడు మార్కులు!"

"ఎదురింటి అమ్మాయీ అక్కడికే ఫారం పెడుతోంది. తనకి ఫిజిక్స్‌లో ఏ వచ్చింది," అంది అమ్మడు. ఏడుపు గొంతు కాదు, అయినా ఆ మాట గదిలో ఎవరికీ మింగుడుపడలేదు.

"ఆ పిల్ల చదివింది చిన్న ఫిజిక్స్ కదే!" అంది తల్లి.

స్కూల్లో అందరూ అలాగే అంటారు. చిన్న ఫిజిక్స్‌లో పుస్తకం సన్నం, ప్రయోగాలు ఆరు. పెద్ద ఫిజిక్స్‌లో పుస్తకం ఇటుకంత, ప్రయోగాలు ఇరవై నాలుగు. మేస్త్రి ఫారం తెప్పించి వెతికాడు. పెద్దదా చిన్నదా అని అడిగే చోటు ఎక్కడా లేదు. ఫిజిక్స్ అని ఒకటే గడి, అందులో ఒక అక్షరం పట్టేంత జాగా.

"గోతాలు తూచే కాటా మీద గుప్పెడు గింజలు అటూ ఇటూ అయినా ముల్లు కదలదు. బంగారం తూచేదాని మీద ఊపిరి వదిలినా కదులుతుంది. రెండింటి ముల్లూ ఒకే గడిలో రాసుకుంటే అదేం లెక్క?" అన్నాడు ఫారంతో పోట్లాడుతున్నట్టు. ఫారం ఏం జవాబు చెబుతుంది? ఆయన కోపం కాసేపటికి తన మీదికే తిరిగింది. ఏ ఫిజిక్స్ తీసుకోవాలా అని అమ్మడు నాలుగు రోజులు తటపటాయిస్తే, "పెద్దదే తీసుకో, భయమెందుకు?" అన్నది తనే. ఫిజిక్స్ అంటే ఏమిటో తనకు తెలిసినట్టు.

మంగళవారమంతా ఆయన చేతికి పని ఎక్కలేదు. ఒకే రాయిని మూడుసార్లు తుడిచి, తుడిచిన సంగతి మర్చిపోయి మళ్ళీ తుడిచాడు. బుధవారం పొద్దున్న ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకున్నాడు.

"ఎక్కడికి?" అంది భార్య.

"స్కూలుకి. ఫిజిక్స్ టీచరుతో మాట్లాడొస్తా."

"ఏమని?"

ఆయన చెప్పులు వేసుకోవడంలో మునిగిపోయాడు. రెండు చెప్పులకి అంతసేపు పట్టదని ఆవిడకీ తెలుసు.

"మూడు మార్కులు అడుగుతారా?" అంది ఆవిడ మెల్లిగా. "ఉల్లిపాయలాయన పది గ్రాములు అడిగితే పదకొండేళ్ళ నుంచి నీతులు చెప్పి పంపిస్తున్నారు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది."

"తనదాకా వస్తే తెలుస్తుందిలే," అన్నాడు మేస్త్రి. అన్న తర్వాత ఆ మాట ఉల్లిపాయల వ్యాపారి అనాల్సిందేమో అనిపించి, ఇంకేం మాట్లాడకుండా బయటపడ్డాడు.

దారి పొడవునా ఆ మాటలే కూర్చుకున్నాడు. "మేడమ్, మీరు పెద్దవారు." కాదు, అది ముసలాయనతో అన్నట్టుంది. "మేడమ్, మూడంటే మూడే." ఇది అచ్చం ఉల్లిపాయలాయన మాట. అడగడం ఇంత కష్టమైన విద్య అని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు.

టీచరు క్లాసులో ఉంది, పది నిమిషాల్లో వస్తుంది, ల్యాబులో కూర్చోమని అటెండరు చెప్పి వెళ్ళాడు. పొడుగాటి బల్లలు, వాటి మీద తీగలు, అద్దాలు, సగం కాలిన కొవ్వొత్తులు. గది చివర, కిటికీ ఎండ తగలని చోట, గాజు పెట్టెలో త్రాసు. ఆయన కాళ్ళు తమంతట తామే అటు నడిచాయి. వంటవాడు ఎవరింటికి వెళ్ళినా పొయ్యి వైపే చూస్తాడు మరి.

పాతదే అయినా మంచి జాతి త్రాసు. ఇత్తడి దండె, చేతి గడియారం ముల్లంత సన్నటి ముల్లు. పెట్టె తలుపు పైకి జరిపి, పిడిని నెమ్మదిగా తిప్పి దండెను లేపాడు. ముల్లు అటూ ఇటూ సమానంగా ఊగి ఊగి సున్నా మీద నిలబడింది. దించాడు. కావాలని కాస్త మొరటుగా లేపాడు. మళ్ళీ సున్నాయే. ఇంత వాడకంలో ఉన్న త్రాసు ఇంత నిక్కచ్చిగా ఉందంటే ఎవరో తెలిసినవాళ్ళు చూసుకుంటున్నారన్నమాట, అనుకున్నాడు. ఊళ్ళో తను కాక ఇంకెవరబ్బా అని చిన్న అసూయ కూడా కలిగింది.

కళ్ళజోడు సవరించుకుని దండె చివరి నట్టు దగ్గరికి వంగాడు.

నట్టు కింద దారం ఉంది. మైనం పట్టి మెరుస్తోంది. మూడు చుట్లు, ముడి ఎడమ పక్కకి. దారం నీలం రంగు.

ఆయన అలా వంగే ఉండిపోయాడు. తన చేతిరాతను ఇంకొకరి ఉత్తరంలో చూసినట్టయింది. యూనిఫారం అంచు జానెడు మేర ఎలా ఊడిందో, మైనం ఎక్కడ దొరికిందో, బల్ల మీద కొవ్వొత్తులను చూస్తే ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు.

"దాన్ని ముట్టుకోకండి, ప్లీజ్," అంటూ టీచరు లోపలికి వచ్చింది. చేతుల నిండా సుద్దపొడి, చంకలో కాగితాల కట్ట. "చాలా సున్నితమైనది. ఎవరండీ మీరు?"

"అమ్మడి నాన్ననండి. కాటాలు బాగుచేస్తాను."

టీచరు ముఖం మీద ఒక అలసట వచ్చి కూర్చుంది. ఈ వారంలో ఆమె దగ్గరికి ఇలా వచ్చిన తండ్రుల్లో ఈయన ఎన్నోవాడో. "చూడండి, మార్కుల సంగతైతే..."

"ఈ త్రాసు ఎవరు బాగుచేశారు మేడమ్?"

"బాగుచేయడమా? ఎవరూ లేదే. రెండేళ్ళ నుంచి రాసి పంపుతున్నా, ఎవరూ రాలేదు. ముల్లు ఒకచోట నిలిచేది కాదు. విచిత్రం ఏమిటంటే పరీక్షల్లో దానంతట అదే కుదురుకుంది."

"దానంతట అది కుదురుకోదండి," అన్నాడు మేస్త్రి. "ఇలా రండి."

ఆమె వంగి చూసింది. ఆయన తన వేలిగోరు చివరతో దారాన్ని చూపించాడు. ఈ దారం ఏం చేస్తుందో, లేకపోతే నట్టు ఎలా జారుతుందో, ఉల్లిపాయల వ్యాపారికి చెప్పినంత తేలిక మాటల్లో చెప్పాడు. దారం రంగు గురించి చెప్పలేదు. ఆమె రోజూ రెండు వందల నీలం యూనిఫారాలు చూస్తుంది.

టీచరు కాగితాల కట్ట బల్ల మీద పెట్టేసింది.

"ప్రాక్టికల్ పరీక్షకి ఒక్కొక్కరికీ గంట టైము," అంది. "ఈ త్రాసు మీద పన్నెండు మంది, ఒకరి తర్వాత ఒకరు, రెండు రోజుల పాటు. మీ అమ్మాయిదే మొదటి వంతు. నేను ఆ చివర కూర్చుని చూస్తున్నాను. అరగంట పైగా పెట్టెలో చేతులు పెట్టి ఏదో చేస్తూనే ఉంది, ఒక్క తూకం వేయదు. త్రాసు వాడటం రాక తంటాలు పడుతోందనుకున్నా. చివరికి ఎనిమిది తూకాలకి మూడే వేసి లేచింది. అదే రాశాను."

"చదివానండి."

"ఆ తర్వాత కూర్చున్న వాళ్ళందరికీ తూకాలు ముత్యాల్లా వచ్చాయి. ఈ ఏడు పిల్లలు భలే తయారయ్యారని హెడ్‌మిస్ట్రెస్‌తో కూడా అన్నాను." ఆమె సుద్ద చేతులను చూసుకుంది. "నాకు ఒక్క మాట చెప్పొచ్చు గదా ఆ పిల్ల!"

తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు గొంతు సవరించుకున్నాడు. "అడిగిందండీ. త్రాసు బాగోలేదు, మేడమ్‌ని పిలవమంది. పరీక్షలో మాట్లాడకూడదు, ఉన్నదాంతోనే చేసుకో అని నేనే అన్నాను."

ముగ్గురూ త్రాసునే చూశారు. అది మాత్రం నిశ్చింతగా ఉంది.

"మార్కులు పై ఆఫీసుకి వెళ్ళిపోయాయి," అంది టీచరు. "వేయని తూకాలకి మార్కులు వేయమని నేను రాసినా ఒప్పుకోరు. సి సిగానే ఉంటుంది. ఇంతకీ మీరు వచ్చిన పని చెప్పనే లేదు."

దారంతా కూర్చుకున్న మాటలు మేస్త్రి నాలుక మీదికి వచ్చాయి. ఇప్పుడడిగితే ఈవిడ కాదనలేదేమో, ఏదో దారి వెతుకుతుందేమో అని ఆశ పుట్టింది. నిజంగానే పుట్టింది. ముల్లును ఇంకోసారి చూశాడు.

"ఏం లేదండి. ఆ ఒక్క వాక్యం తప్పు, అది తీసేయండి చాలు."

"దాని చోట ఏం రాయమంటారు?"

"జరిగింది రాయండి. ఒక్క గ్రాము కూడా ఎక్కువ వేయొద్దు."

సాయంత్రం అమ్మడు వచ్చేసరికి కొట్లో ఎవరూ లేరు. మేస్త్రి బల్లకి అటు పక్క స్టూలు వేసి కూర్చోమన్నాడు.

"నీ దారం చూశాను."

అమ్మడు తల దించుకుంది. దొంగతనం బయటపడ్డట్టు చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంట్లో ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏమంటారు? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అంటారు. నీ దగ్గరికి వచ్చే ప్రతివాడూ కాటాదే తప్పంటాడని నువ్వే నవ్వుతావుగా."

అది నిజమే. ఆయన ఆ నవ్వు ఎన్నిసార్లు నవ్వాడో లెక్కలేదు.

"సరే. కానీ ఒకటి చెప్పు తల్లీ," అన్నాడు. ఈ ప్రశ్న పొద్దుటి నుంచి ఆయన్ని తినేస్తోంది. "దాన్ని బాగుచేయాల్సిన అవసరమే లేదు గదా నీకు. ప్రతి తూకానికీ ముందు ముల్లు ఎక్కడుందో చూసుకుని, ఆ తేడా తీసేసి రాసుకుంటే అయిపోయేది. తూకానికి అరనిమిషం. ఇది నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి? నీ ఎనిమిది తూకాలూ నువ్వు వేసుకుని, ఏ తెచ్చుకుని దర్జాగా లేచి రావచ్చు గదా!"

"నా మటుకు నేనైతే అలాగే చేసుకుందును," అంది అమ్మడు. బల్ల మీది రాయిని వేలితో అటూ ఇటూ దొర్లించింది. "నా తర్వాత ఇంకా పదకొండు మంది ఉన్నారు నాన్నా. వాళ్ళ నాన్నలు కాటాలు బాగుచెయ్యరుగా."

మేస్త్రికి కోప్పడదామంటే కోపం రాలేదు. లేచి వెళ్ళి, శుభ్రంగానే ఉన్న పళ్ళేన్ని ఇంకోసారి తుడిచాడు. ఈ పిల్లకి తను నేర్పింది మూడు చుట్ల దారమే. మిగతాది ఎక్కడ నేర్చుకుందో ఆయనకి తెలియదు.

లోపలి నుంచి భార్య గొంతు వినిపించింది. "ఆ ఊడిన అంచు దారం ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది. నేను ఊరికే కుక్కనీ నక్కనీ తిట్టాను."

శుక్రవారం తండ్రీ కూతుళ్ళు బస్సులో వెళ్ళి ఫారం చేత్తోనే ఇచ్చారు. ఫారం చివర "ఇంకేమైనా చెప్పదలచుకుంటే" అని నాలుగు గీతల జాగా ఉంది. తండ్రి ఆ నాలుగు గీతలూ నింపమన్నాడు. అమ్మడు రెండు వాక్యాలు రాసి కలం మూసేసింది: "పరీక్షలో ముప్పై అయిదు నిమిషాలు త్రాసు బాగుచేయడానికి పట్టాయి. ఆ త్రాసు ఇప్పటికీ సరిగ్గానే ఉంది." దానికి టీచరు రాసిన కాగితం జతచేసి ఉంది. అందులో ఆమె తన పొరపాటునూ దాచకుండా రాసింది.

కిటికీ అవతలి గుమాస్తా ఫారం అందుకుని, పేరు చూడలేదు, నాలుగు గీతలూ చూడలేదు. వేలు సరాసరి మార్కుల గడుల మీదికి పోయింది. ఏ, ఏ, బి, సి. సి దగ్గర వేలు ఆగింది. కుడి పక్క ఎత్తుగా పేరుకున్న దొంతరను వదిలి, ఎడమ పక్క పల్చటి దొంతర మీద ఫారం పెట్టాడు.

మేస్త్రి కిటికీ దగ్గరికి వంగాడు. అక్కడ ఎదురింటి అమ్మాయి ఫారం కుడి దొంతరలో, హాయిగా, ఎక్కడో మధ్యలో ఉండి ఉంటుంది.

"అయ్యా, ఆ చిన్న దొంతర ఏం చేస్తారండి?" అన్నాడు.

"మిగిలిన సీట్లకి వాటిల్లోంచి తీస్తారండి. మాస్టార్లు కూర్చుని ఒక్కొక్కటే చదువుతారు. నెల పడుతుంది."

"మరి ఆ పెద్ద దొంతర?"

"వాటిని చదివేదేముందండీ, అక్షరాలు బాగున్నాయిగా," అన్నాడు గుమాస్తా, తర్వాతి ఫారం కోసం చెయ్యి చాస్తూ.

బస్సు కోసం ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. మేస్త్రికి ఒక పక్క భయంగా ఉంది, ఒక పక్క ఎందుకో తేలిగ్గా ఉంది. కనీసం ఎవరో ఒకరు చదువుతారు. మిగిలే సీట్లు నాలుగో అయిదో. చదివిన వాళ్ళకి త్రాసు అంటే ఏమిటో తెలియాలి. తెలిసినా సి సియే.

"పెద్ద ఫిజిక్స్ తీసుకోమన్నది నేనే," అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. ఈ మాట అనడానికి ఆయనకి అయిదు రోజులు పట్టింది.

"నువ్వు వద్దన్నా తీసుకునేదాన్ని. చిన్న ఫిజిక్స్‌లో ఆ త్రాసు ముట్టుకోనివ్వరు."

బస్సు మలుపు తిరిగి వస్తోంది. మేస్త్రి అడగకూడదనుకుంటూనే అడిగేశాడు.

"ఒకవేళ సీటు రాలేదనుకో?"

పైకి చెప్పడం లేదు గానీ, ఆ ఆలోచన పిల్లని ఎన్ని రోజుల నుంచి పట్టుకుందో ఆ ముఖం చూస్తే తెలిసింది.

"వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష రాస్తా," అంది. "ఈసారి ఒకరోజు ముందే వెళ్ళి కాటా చూసుకుని వస్తా."

మేస్త్రి ఆమె భుజాన ఉన్న సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. ఇద్దరూ బస్సెక్కారు.